రెండో దెబ్బ

కెజియా టీచర్ హాజరు పిలిచేది కాదు.
బల్ల మీద వేళ్ళతో ఒక నడక మొదలుపెట్టేది.
ఎవరి పేరు వాళ్ళే అందులో ఎక్కించాలి,
కదిలే బస్సు ఎక్కినట్టు.

నా వంతు వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయేది.
ప దగ్గర ఆగిపోయేవాణ్ణి.
ప, ప, ప
అడ్డగుట్ట సర్కారు బడి, ఏడో తరగతి, బి సెక్షన్,
యాభై ఒక్క నోళ్ళు నవ్వడానికి ఒక్కటయ్యేవి.

ఆమె నవ్వలేదు. ఓదార్చనూ లేదు.
"ఆగకు. ఇంకో నాలుగు ప-లు పడనియ్" అని
చెప్పు మడమతో నేల మీద తాళం పట్టింది.
నా నత్తి చుట్టూ క్లాసంతా చప్పట్లు,
ఒకటో దెబ్బకి కాదు, రెండో దెబ్బకి.
"ఒకటోది ఊరందరిదిరా.
రెండోది వెతుక్కున్నోడిది."

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టిందట.
వాళ్ళ నాన్న వారమంతా వర్క్‌షాపులో బోల్టులు బిగించి
శనివారం రాత్రి ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి కార్నెట్ ఊదేవాడు.
ఆదివారం పొద్దున చర్చిలో
అదే కార్నెట్, వేరే మొహం.
"జాజ్ నాకు ఓడెక్కి రాలేదు,
కాజీపేట ప్యాసింజర్‌లో వచ్చింది" అనేది.

రాత్రుళ్ళు బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో పాడేది.
మా నాన్న అక్కడే గిన్నెలు తోమేవాడు.
ఒకసారి వంటింటి తలుపు సందులోంచి చూడనిచ్చాడు:
నల్ల చీర, వెండి అంచు,
కింద బడికి వచ్చే ఆ పాత బాటా చెప్పులే.
ఎవరూ వినడం లేదు.
ఒకాయన ఫోన్లో శంషాబాద్ ప్లాటు బేరమాడుతున్నాడు.
గజం పద్దెనిమిది వేలు.
ఆమె ఆ పద్దెనిమిది వేలనే అందుకుని
పాట మధ్యలో మెట్లు దించి, మళ్ళీ ఎక్కించి,
పక్కకి తిప్పి, నిద్రపుచ్చి, లేపి,
ఆయన ఫోను కింద పెట్టేదాకా వదల్లేదు.
అంతలో ఎవరో పళ్ళెం జారవిడిచారు.
అది ఏ స్వరంలో పగిలిందో
అక్కణ్ణించే తర్వాతి చరణం.
నాన్న సబ్బు చేతులు తుడుచుకుంటూ గొణిగాడు:
"ఆ పళ్ళెం నా జీతంల కోస్తరు.
పాట మాత్రం మంచిగుంది."

తనిఖీకి వచ్చిన అధికారి అడిగాడు,
ఈ షబడాబడా ఏ భాష? సిలబస్‌లో ఏ పేజీ?
"మాటలు ఇంకా రానివాళ్ళ భాష సార్.
చిన్నప్పుడు మీకూ వచ్చు."
మూడు నెలలు జీతం ఆగింది.
ఆ మూడు నెలలూ హోటల్లో
మధ్యాహ్న భోజనాలకి కూడా పాడింది.

తర్వాత గాంధీ ఆస్పత్రి. గొంతు ఆపరేషన్.
పై స్వరాలు తిరిగి రాలేదు.
హోటల్ వాళ్ళు పూలగుత్తి పంపారు,
మళ్ళీ పిలవలేదు.
మా బడికి మాత్రం పదకొండో రోజునే వచ్చింది,
మార్చి ఎండలో మెడకి మఫ్లర్.
ఆ రోజు బల్లే పాడింది.

నా నత్తి పోలేదు.
బ్యాంకులో పేరడిగితే ఇప్పటికీ
చీటీ మీద రాసిస్తాను.
ప్రేమించినమ్మాయికీ అలాగే రాసిచ్చాను,
ఆమె చదవకుండానే మడిచి పర్సులో పెట్టుకుంది.
అదింకో కథ.

మొన్న మెట్టుగూడ మెట్రో మెట్ల మీద కనపడింది టీచర్.
సగమైపోయింది మనిషి.
ఎదురెళ్ళి నిలబడితే
"ఎవరు బాబూ?" అంది, గరగరలాడే కింది గొంతుతో.
నేను ప దగ్గర ఆగాను.
ఆఫీసు వదిలిన జనం
మా ఇద్దర్నీ తోసుకుంటూ దిగుతున్నారు.

ఆమె తల కొంచెం పక్కకి వంచి వింది.
గొడుగు మొన పైకెత్తి
ఒకటో దెబ్బ గాలికొదిలేసి
రెండోది మెట్టు మీద కొట్టింది.
మళ్ళీ కొట్టింది.

ప ప ప ప పరంజ్యోతి,
ఏడు, బి.

"కొంచెం వెనక పడ్డావ్," అంది.
"అట్లనే ఉంచు."